లెక్కల గంటకు వచ్చి కూచునే మనిషి

టీచరమ్మ పోయింది. సోమవారం పొద్దున బెంగళూరు మార్కెట్టు బస్టాండులో, అత్తిబెలె బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఒళ్లో గుడ్డసంచి, అందులో కిలో అవరెకాయలు, మన అనపకాయలే. పక్కన పూలమ్మే ఆమె రెండుసార్లు భుజం తట్టి చూసి, ఆవిడ ఫోన్లో చివరిగా మాట్లాడిన నంబరుకు చేసిందట. ఆ నంబరు మా గుంపులోకి కొత్తగా వచ్చిన ఒక చిన్న తల్లిది. ఆ పిల్ల బెదిరిపోయి నాకు చేసింది. నేను ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన గోడకున్న మేకు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ మేకుకు ఒకప్పుడు మా పప్పుగుత్తి వేలాడేది. ఇప్పుడు ఎందుకు వేలాడడం లేదో చెప్పకుండా టీచరమ్మ గురించి నేను ఒక్క మాట కూడా రాయలేను.

మాది ఎనిమిది కుటుంబాల గుంపు. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే క్రైస్తవులం. ఒకావిడ పాస్టరు భార్య, ఒకరిద్దరు నాలాగా నర్సు పని మానేసినవాళ్లు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని పాఠం మొదలుపెట్టాలని కొందరు, నత్తి ఉన్న కూతుర్ని బడిలో ఏడిపించారని ఒకరు, ఎవరి కారణం వారిది. శనివారాలు చర్చి పక్క గదిలో కలిసేవాళ్లం. పుస్తకాలు మార్చుకునేవాళ్లం, ఓపెన్ స్కూలు పరీక్షల ఫారాలు నింపుకునేవాళ్లం, "ఏంటి, మీవాడు బడికే పోడా?" అని నోరు తెరిచే చుట్టాలకు ఏం జవాబు చెప్పాలో ఒకరికొకరం నేర్పుకునేవాళ్లం. ఈ గుంపును కూడగట్టింది టీచరమ్మే. బళేపేటలో గాజుల దుకాణాల వెనక సందులో పుట్టి పెరిగిన మనిషి. ముప్పై ఏళ్లు బడిలో చెప్పి, ఒకరోజు ఉన్నట్టుండి మానేసింది. మేం టీచరమ్మా అనేవాళ్లం, పిల్లలు కన్నడపు పిలుపుతో అజ్జీ, అంటే అమ్మమ్మా, అనేవాళ్లు.

నేను మావాణ్ని బడి మాన్పించింది దెబ్బల వల్ల. రెండో తరగతిలో ఒక టీచరు స్టీలు స్కేలును నిలువుగా తిప్పి వాడి వేళ్ల కణుపుల మీద కొట్టింది. నాలుగు వేళ్లు వాచి, అన్నం కలుపుకోలేక పళ్లెం ముందు ఊరికే కూర్చున్నాడు. మాది ఒంగోలు వైపు. కోపం నా ముక్కు మీదే కాపురం ఉంటుంది. మర్నాడు పోయి ఆ బడి గేటు దగ్గర వేసిన కేకలకు వాచ్‌మన్ టీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నా కొడుకు మీద చెయ్యెత్తడానికి నువ్వెవత్తివే?" అని అడిగాను ఆ టీచర్ని. వాణ్ని చంకనేసుకుని గెలిచినదానిలా ఇంటికొచ్చాను. వాడి మీద చెయ్యెత్తడానికి నేనున్నానని అప్పటికి నాకు తెలియదు.

మా ఆయనకు అత్తిబెలె ఫ్యాక్టరీలో షిఫ్టు పని. పొద్దున ఏడింటికి పోతే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో నేనూ, ఎనిమిదేళ్ల పిల్లాడూ. మొదటి నెల బాగానే జరిగింది. రెండో నెల నుంచి లెక్కల దగ్గర మొదలైంది. ముందు అరచేతి మీద చెక్కస్కేలు. తర్వాత వీపు మీద. ఒకరోజు వంటింట్లోంచి వస్తూ చేతిలో పప్పుగుత్తి ఉంటే దానితోనే తొడ మీద కొట్టాను. చేతికి బాగా ఆనింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గాని, అప్పుడు నాకు అలాగే అనిపించింది. కిటికీలు మూసి, టీవీ సౌండు పెంచి కొట్టేదాన్ని. పదేళ్లు నర్సుగా చేసినదాన్ని, ఏ దెబ్బ బట్టల కింద దాక్కుంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత వాడి పక్కనే మోకరించి ఏడ్చి, ప్రభువా క్షమించు అని ప్రార్థన చేసేదాన్ని. వాడు కూడా చేతులు జోడించి ఆమెన్ అనేవాడు. మర్నాడు మళ్లీ కొట్టేదాన్ని.

టీచరమ్మ దాన్ని ఒక చిక్కీముక్కతో పట్టేసింది. మేం గుంపులో చేరిన కొత్తలో ఒక శనివారం పిల్లలందరికీ పల్లీచిక్కీ పంచుతూ మావాడి దగ్గరకు వచ్చి చెయ్యి చాపింది. వాడి కుడి మోచెయ్యి గభాలున లేచి చెవిని కప్పుకుంది. ఆవిడ చిక్కీ వాడి జేబులో వేసి పక్కపిల్ల దగ్గరకు పోయింది. నా వైపు కూడా చూడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకు తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడ. బళేపేట ఎక్కడ, మా ఇల్లెక్కడ! రెండు గంటల ప్రయాణం.

"ఏంటి టీచరమ్మా, చెప్పకుండా వచ్చారు?"

"సుమ్మనే, ఊరికే వచ్చినానమ్మా. మీ లెక్కల గంటకు కూచుందామని."

"నాకు పాఠం చెప్పడం రాదనుకుంటున్నారా ఏంటి?"

"నీకు అంతా వస్తాది. నేను నేర్పేదానికి రాలేదు, అవరెకాయలు ఒలుచుకునేదానికి వచ్చినాను. మా ఇంట్లో గాలే ఆడదు. ఒక స్టూలు ఉండాదా?"

తలుపు పక్కన స్టూలు వేసుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని గంటసేపు కాయలు ఒలిచింది. పాఠంలో ఒక్కసారి తల దూర్చలేదు. మావాడు తప్పు చేస్తే నా పళ్లు నేనే కొరుక్కున్నాను. పదిన్నరకు లేచి, గింజలు సగం నాకు పెట్టి వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, మిగతా ఇళ్లకు కూడా ఇలాగే పోతుందని, గుంపులో ఆడవాళ్లు కూడా వంతులేసుకుని ఒకరింట్లో ఒకరు లెక్కల గంటకు కూర్చుంటారని. కూచునే పని అనేది ఆవిడ దాన్ని. కొత్తవాళ్లకు మొదటి రెండు నెలలూ ఆవిడే వస్తుందట. లెక్కల గంటకే ఎందుకని అడిగితే నవ్వింది. "పద్యం రాలేదని ఇంట్లో పిల్లోళ్లను ఎవురూ చంపరమ్మా. లెక్క రాలేదనే చంపుతారు."

ఆ శనివారమే ఆవిడ కథ మొదటిసారి విన్నాను. కొత్త కుటుంబం వచ్చినప్పుడల్లా చెప్పేదట. "ఇది నా సర్టిఫికెట్టు, వినండప్పా," అని మొదలుపెట్టేది. బడిలో ఒక పిల్లవాడు ఎక్కాలు తప్పు చెప్పాడని ఎడమచేత్తో చెవి మీద కొట్టింది. వాడు బెంచీ అంచుకు పోయి పడ్డాడు. చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి వచ్చింది. యాభైమంది పిల్లలు తలలు దించుకుని పుస్తకాల్లోకి చూస్తున్నారు. ఆ చెవికి మళ్లీ వినపడలేదు. మర్నాడు వాడి తండ్రి వచ్చాడు. నగర్తపేటలో మూటలు మోసే మనిషి. ఈవిడ ఉద్యోగం పోయిందనే అనుకుంది. అతను చేతులు కట్టుకుని నిలబడి, "ఇంకా రెండు ఎక్కువ వెయ్యండమ్మా, బాగుపడతాడు," అన్నాడు.

"వాళ్ల నాయన నన్ను తిట్టింటే నేను ఇంకా ఆ బడిలోనే ఉండేదాన్ని," అనేది టీచరమ్మ. ఆ పిల్లవాడి పేరు మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు. "నాకు చెప్పే హక్కు లేదప్పా."

మా గుంపులో ఒక తండ్రి లేచాడు ఆ రోజు. మంచి భక్తిపరుడు, నోరు కూడా మంచిదే. "బెత్తం మానొద్దని బైబిలు వాక్యమే చెప్తుంది కదండీ," అన్నాడు. "నాకు వాక్యం చెప్పొద్దప్పా," అంది ఆవిడ. "నేను బెత్తాన్ని ముప్పై ఏండ్లు పట్టినాను. వాక్యంలో ఉండే బెత్తం నాకు సరిగ్గా తెలీదు. నా చేతిలో ఉన్నింది మాత్రం బాగా తెలుసు. అది లేసేది నాకు ఆకలైనప్పుడు, నాకు తలనొప్పి వచ్చినప్పుడు, హెడ్మాస్టరు నన్ను తిట్టినప్పుడు. పిలగాడు చేసిన తప్పు దానికి ఒక సాకు." మళ్లీ మా అందరి వైపు తిరిగి, "బడిలో యాభై జతల కండ్లు ఉండీ కొట్టినాను నేను. ఇంట్లో ఎవురుండారు? మీరు తలుపేసుకుంటే దేవుడు తప్ప చూసేవాళ్లు లేరు. దేవుడు వచ్చి మీ చెయ్యి పట్టుకోడు కదా. అందుకని ఈ గుంపు. పుస్తకాలు మార్చుకునేదానికి కాదు," అంది. నా కోసమే చెబుతోందని నాకు ఒళ్లు మండిపోయింది.

ఐదు సోమవారాలు ఆవిడ ముందు నేను బంగారుతల్లిని. మంగళవారం నుంచి శుక్రవారం దాకా పాత మనిషినే. సోమవారం బిగబట్టిన కోపం కూడా మంగళవారానికి కలిపి ఇచ్చేదాన్ని. ఆరో సోమవారం ఆవిడ అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాను. అంతలా అలవాటైపోయింది ఆ స్టూలు మీది మనిషి.

నలభై ఏడును ఆరుతో భాగించమన్నాను. వాడు ఆరు వేసి, శేషం పదకొండు అని రాశాడు. శేషం ఆరుకంటే పెద్దది ఎలా ఉంటుందిరా అని చెప్పి చెరిపించాను. మళ్లీ పదకొండే. పప్పు ఉడికితే వంటింట్లోకి పోయి మెదుపుతూ అక్కడినుంచే అరిచాను. వచ్చి చూస్తే మూడోసారీ పదకొండు. చెరిపి చెరిపి కాగితం చిరిగిపోయింది. నా కళ్లకు ఆ పదకొండు తప్ప ఇంకేం కనపడలేదు. చేతిలో పప్పుగుత్తి, దానికి వేడివేడి పప్పు. ఎత్తాను. ఈసారి తొడా కాదు, వీపూ కాదు. తల.

అవరెకాయలు నేలంతా దొర్లిన చప్పుడు ముందు వినపడింది. ఆ వయసులో ఎలా లేచిందో ఏమో, ఆవిడ మా ఇద్దరి మధ్య ఉంది. ఎడమచెయ్యి వాడి తల మీద అడ్డంగా పెట్టింది. దెబ్బ మణికట్టు మీద పడింది. ఎండు చెరుకుగడ విరిగిన చప్పుడు. ఎముక విరిగిందని చూడకుండానే నాకు తెలుసు. తెలిసి కూడా నా చెయ్యి రెండో దెబ్బకు లేచింది. ఇది కూడా చెప్పాలి. ఇంతవరకు రాసి ఇది దాచుకుంటే లాభం లేదు.

ఆవిడ ముఖమంతా చెమట పట్టింది. ఆ చెయ్యి వాడి తల మీది నుంచి తియ్యకుండానే నా కళ్లలోకి చూసింది.

"ఇంకొకటి కొడతావా? ఈ చెయ్యి ఎట్లాగూ పోయింది కదా. దీని మీదే కొట్టు."

పప్పుగుత్తి నా చేతిలోంచి జారింది. ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. మావాడు బల్ల కిందికి దూరి, రెండు మోచేతులతో చెవులు మూసుకుని, "అజ్జీ అజ్జీ" అని కాదు, "ఐదు, ఐదు, శేషం ఐదు" అని అరుస్తున్నాడు.

వాణ్ని కొట్టే చెక్కస్కేలు, పక్కన ఇంకో స్కేలు పెట్టి, నా చున్నీ చింపి ఆవిడ చేతికి కట్టు కట్టాను. ఆటోలో మా మధ్య వాణ్ని కూర్చోబెట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందజ్జీ అని కన్నడలో అడిగాడు. బాత్రూములో జారిందని చెప్పడానికి నేను అప్పటికే నోరు తెరిచాను. ఆవిడ ముందే చెప్పేసింది: "ఈమె కొట్టింది. పిలగాణ్ని కొట్టబోతే నేను అడ్డం పోయినాను. ఉన్నది ఉన్నట్టు రాసుకోండప్పా." డాక్టరు నన్ను కింది నుంచి పైదాకా చూసి, పోలీసులకు చెప్పమంటారా అని అడిగాడు. "చెప్పేది చెప్పండి, మీ పని మీది. నేను మాత్రం సోమవారం మళ్లీ వీళ్లింటికే పోతాను," అంది. పోలీసాయన వచ్చాడు, రాసుకున్నాడు, ఆవిడ అదే మాట చెప్పింది. అతను నాకు అరగంట గడ్డి పెట్టి వదిలాడు. ఆ రాత్రి మా ఆయన వాడి చొక్కా విప్పి వీపు చూసి, వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

శనివారం గుంపులో నిలబడి నేనే చెప్పాను. ఆవిడ చెప్పమనలేదు, కానీ కట్టుతో వచ్చి ముందు వరసలో కూర్చుంటే చెప్పక ఏం చేస్తాను? పాస్టరు భార్య తల వంచుకునే అంది, "నేను చెప్పుతో కొడతాను." ఇంకొకావిడ, "నేను గరిటె కాల్చి పెట్టాను ఒకసారి," అంది. ఒకరి వెనక ఒకరు. బెత్తం గురించి మాట్లాడిన తండ్రి లేచి బయటికి పోయాడు. ఇక రాడనుకున్నాం. రెండు వారాల తర్వాత వచ్చి, వాళ్లింట్లో కూర్చునే వంతు ఎవరిదని టీచరమ్మను మెల్లగా అడిగాడు.

సోమవారం అన్నట్టే ఆవిడ వచ్చింది, మెడలోంచి వేలాడే చెయ్యితో, అవరెకాయల సంచితో. ఒక చేత్తో ఒలవడం కుదరక మావాణ్ని పిలిచింది. "రాప్పా, నువ్వు ఒలువు, నేను చూస్తాను." వాడు నా వైపు చూసి, స్టూలు పక్కన నేల మీద కూర్చుని ఒలిచాడు. ఒలుస్తూ ఒలుస్తూ కట్టు మీద గీతలు గియ్యొచ్చా అజ్జీ అని అడిగాడు. "దేనికొద్దు? తెల్లగా ఉండాది, రాసుకో." స్కెచ్ పెన్నుతో నలభై ఏడును ఆరుతో భాగించి, ఏడు వేసి, శేషం ఐదు అని రాశాడు. నెలన్నరపాటు ఆ లెక్కను చేతికి మోసుకుని ఆవిడ బెంగళూరంతా తిరిగింది. ఎముక మాత్రం సరిగ్గా అతకలేదు. మణికట్టు కొంచెం పైకి వంగి ఉండిపోయింది.

మళ్లీ ఎప్పుడూ కొట్టలేదని గొప్పలు చెప్పుకోను. చెయ్యి లేచింది, రెండుసార్లు. ఒకసారి గోడను గుద్ది వేళ్లు వాచగొట్టుకున్నాను. ఇంకోసారి ఆవిడకు ఫోన్ చేశాను. "పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. లేదన్నాను. "ముందు పోయి తిను. భాగహారం యాడికీ పోదు." నేను తినేదాకా ఫోను పెట్టలేదు. ఈ ఏడేళ్లలో వాడు పొడుగయ్యాడు, మీసం మొలుస్తోంది, లెక్కల్లో నన్ను దాటిపోయాడు. కానీ నేను పైన అటకమీది డబ్బా కోసం చెయ్యెత్తినా, ఆరేసిన బట్ట తియ్యబోయినా, పక్కనుంటే చాలు, వాడి మోచెయ్యి చెవి దగ్గరికి లేచేది. వాడికి తెలియకుండానే. లేచిందని తెలిశాక సిగ్గుపడి జుట్టు సర్దుకున్నట్టు నటించేవాడు. ఆ నటన చూడలేక చచ్చేదాన్ని.

పోయిన నెల టీచరమ్మను అడిగేశాను. "వాడి మోచెయ్యి ఎప్పటికి దిగుతుంది టీచరమ్మా?"

"ఆ లెక్క నీది కాదమ్మా, వాడిది. వాడు చేసేంత వరకూ నువ్వు పక్కన కూచో, అంతే."

"ఎప్పటికీ చెయ్యకపోతే?"

"చెయ్యకపోయినా కూచో."

ఆవిడను కడిగి తెల్లచీర కట్టింది మేమే, గుంపు ఆడవాళ్లం. చేతులు గుండెల మీద జోడించి పెడుతుంటే ఎడమచెయ్యి కుదరలేదు. ఎంత సర్దినా మణికట్టు లేచే ఉంది. సందులోవాళ్లలో ఒకామె గుడ్డతో గట్టిగా కట్టేద్దామంది. "వద్దు, అలాగే ఉండనివ్వండి. అది నేను చేసిందే," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. కొత్తగా వచ్చిన చిన్న తల్లి మూలన నిలబడి ఏడుస్తూ, "ఇవాళ మా ఇంటికే బయల్దేరింది అక్కా. వచ్చే సోమవారం ఎవరొస్తారు?" అని అడిగింది. నేనొస్తానన్నాను. బస్టాండునుంచి వచ్చిన అవరెకాయల సంచి ఇంకా నా భుజానికే ఉంది.

సమాధుల తోటలో పెట్టె దించారు. బడిలో ఆవిడ దెబ్బకు చెవి పోయిన ఆ పిల్లవాడు, ఇప్పటికి పెద్దవాడై ఉంటాడు, వస్తాడేమోనని గేటు వైపు చాలాసేపు చూశాను. పేరు తెలియనివాడికి కబురు ఎవరు పంపుతారు? పాస్టరుగారు ప్రార్థన ముగించి మట్టి వెయ్యమన్నారు. నేను వంగి గుప్పెడు తీసుకుని చెయ్యెత్తాను. పక్కనే మావాడు. నా చెయ్యి లేవగానే వాడి మోచెయ్యి లేచింది, చెవి దాకా, అందరి ముందూ. ఆ గోతిలోకి నేనే దిగిపోతే బాగుండుననిపించింది. చెయ్యి దించితే ఇంకా బెదురుతాడేమోనని కదలకుండా అలాగే నిలబడ్డాను.

వాడు తన మోచెయ్యిని తనే చూసుకున్నాడు. ఈసారి జుట్టు సర్దుకోలేదు. మెల్లగా దించాడు. దించి, అరచెయ్యి వెల్లకిలా తెరిచి నా పిడికిలి కిందికి చాపాడు. చిన్నప్పుడు స్కేలు కిందికి చాపినట్టే.

"నాకూ కొంచెం పెట్టమ్మా," అన్నాడు.

పిడికిలి విప్పాను. మట్టి నా వేళ్ల సందుల్లోంచి పక్కకు రాలుతుంటే, వాడు రెండో చెయ్యి కూడా కింద పట్టాడు.